విశ్వమును కొలిచిన గెలాక్సీల గుంపులు

విద్యార్థులారా! చిత్త, స్వాతి, ఉత్తర అను పేర్లు మీకు క్రొత్తవి కావు. కార్తెలను లెక్కించునపుడు మన రైతులు ఈ పేర్లను చెప్పుచుందురు. ఇవి మూడును ఆకసమున వెలుగు నక్షత్రములే. చైత్రమాసపు పున్నమినాడు చంద్రుడు చిత్తా నక్షత్రమునకు చేరువగా నుండును. ఆ మాసమునకు ఆ పేరు వచ్చుటకు కారణమదియే. ఆ దినములలో రాత్రి తొమ్మిది గంటల వేళ ఆరుబయట తూర్పు మొగముగా నిలిచి తలయెత్తి చూడుడు. ఆగ్నేయముగా తెల్లగా మెరయునది చిత్త. ఈశాన్యముగా బంగారు చాయతో వెలుగునది స్వాతి. నడినెత్తికి కొంచెము దిగువగా, సింహరాశి తోకయొద్ద నున్నది ఉత్తర. ఈ మూడింటిని గీతలతో కలిపినచో ఒక పెద్ద త్రిభుజ మేర్పడును.

ఆ త్రిభుజము నడుమ మన కంటికి చెప్పుకొనదగిన తార యేదియు కనబడదు. అంతయు శూన్యమే యని తోచును. కాని పెద్ద దూరదర్శినులతో చూచినవారికి అచ్చట వేయికి పైగా గెలాక్సీలు ఒకచోట గుమిగూడి కనబడినవి. దీనిని కన్యారాశి గుంపు అందురు. అదే త్రిభుజపు ఉత్తరపు టంచునకు పైగా, ఇంకను ఎంతయో దూరమున, మరియొక గుంపు కలదు. దాని పేరు కోమా గుంపు. ఈ రెండు గుంపులును మానవునికి విశ్వమును కొలుచు కొలబద్ద లైనవి. అది యెట్లు జరిగెనో చెప్పుటయే ఈ పాఠపు ఉద్దేశము.

గెలాక్సీ యనగా ఏమి? మన సూర్యునివంటి నక్షత్రములు వేలకోట్లు కలిసి యున్న మహాకుటుంబము. మనమున్న కుటుంబమునకు పాలపుంత యని పేరు. వేసవి రాత్రి ఆకసమున పాలు ఒలికినట్లు కనబడు చార దానిలోని భాగమే. ఇట్టి కుటుంబములు కొన్ని ఒంటరిగా నుండును; కొన్ని ఊళ్లవలె ఒకచోట చేరియుండును. ఫ్రాన్సు దేశమున చార్లెస్ మెస్సియే అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు తోకచుక్కలను వెదకుచు, తోకచుక్కలని భ్రమ గొలుపు మసక మచ్చలకు ఒక పట్టిక వ్రాసెను. కన్యారాశియందు ఇట్టి మచ్చలు మిక్కిలి దట్టముగా నున్నవని ఆయన 1781లో గుర్తించెను. అవి యేమో ఆయన యెరుగడు. ఆయనకు కావలసినవి తోకచుక్కలు. ఈ మచ్చలు ఆయన పనికి అడ్డము వచ్చినవి మాత్రమే.

ముందుకు పోవుటకు ముందు కొలతలను గూర్చి ఒక మాట. కాంతి సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోవును. ఆ వేగముతో ఒక సంవత్సరము పోయినచో కడచు దూరము కాంతి సంవత్సరము. అది తొమ్మిదిన్నర లక్షల కోట్ల కిలోమీటర్లకు కొంచెము తక్కువ. శాస్త్రజ్ఞులు దీనికంటె పెద్ద కొలతనొకదానిని వాడుదురు. దాని పేరు మెగాపార్సెకు. 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరములు ఒక మెగాపార్సెకు. ఈ పేరును జ్ఞాపకముంచుకొనుడు. తరువాతి లెక్కలన్నియు దీనితోనే జరుగును.

ఆకసమునందలి వస్తువుల దూరమును కొలుచుట ఏల కష్టము? చీకటి రాత్రి మీరు ఏటి యొడ్డున నిలిచితిరనుకొనుడు. ఆవలి దిక్కున ఒక వెలుగు కనబడినది. అది దగ్గరనున్న చిన్న కిరసనాయిలు బుడ్డియో, దూరముననున్న పెట్రోమాక్సు దీపమో చెప్పగలరా? చెప్పలేరు. వెలుగు ఎంతగా కనబడుచున్నదో మనము చూడగలము గాని, నిజముగా ఎంత యున్నదో తెలియదు. నిజపు వెలుగు తెలిసినచో చిక్కు తీరును. దీపము రెండింతలు దూరమైన వెలుగు నాలుగవ వంతగును. మూడింతలైన తొమ్మిదవ వంతగును. కనుక ఒక దీపపు అసలు కాంతి తెలిసినచో, కనబడు కాంతినిబట్టి దూరమును కనుగొనుట మీ తరగతి లెక్కయే.

ఇప్పుడు మరియొక దృశ్యమును ఊహింపుడు. ఏటికి ఆవల, దూరముగా ఒక ఊరున్నది. ఆ ఊరి దీపములన్నియు మీకు కనబడుచున్నవి. ఊరు మీకు ఎంత దూరమో తెలియదు. ఐనను ఒక్క సంగతి నిశ్చయముగా చెప్పవచ్చును. ఊరిలోని దీపములన్నియు మీకు ఇంచుమించు ఒకే దూరమున నున్నవి. ఈ వీధికిని ఆ వీధికిని గల తేడా, మీకును ఊరికిని గల దూరముతో పోల్చినచో లెక్కలోనిది కాదు. కావున ఎక్కువగా వెలుగుచున్నట్లు కనబడునది నిజముగానే పెద్ద దీపము. గుంపు యొక్క గొప్పతనమంతయు ఇందే యున్నది. ఒంటరి దీపము మనలను మోసగించును. ఊరి దీపములు మోసగింపజాలవు.

ఈ యుక్తిని మొదట ఫలవంతము చేసినది ఒక స్త్రీ. అమెరికాలో హార్వర్డ్ వేధశాలయందు హెన్రియెట్టా లీవిట్ అను ఆమె ఛాయాచిత్రపు ఫలకములను పరీక్షించు ఉద్యోగమున నుండెను. ఆమెకు చెవులు సరిగా వినబడవు. ఆ కాలమున స్త్రీలను దూరదర్శినుల చెంత పనిచేయనిచ్చెడివారు కారు. గంటకు 30 సెంట్ల కూలికి, గాజు ఫలకములమీది నల్లని చుక్కలను ఆమె యొకటొకటిగా కొలిచెను. దక్షిణ దేశములవారికి కనబడు మెగెల్లాన్ మేఘములను చిన్న గెలాక్సీలలో కాంతి పెరుగుచు తరుగుచునుండు తారలను 1,777 ఆమె గుర్తించి 1908లో ప్రకటించెను. వానిలో కొన్నింటియందు ఒక విశేషమును చూచెను. ఎక్కువ కాంతి గల తార మెల్లగా పెరిగి మెల్లగా తరుగును. తక్కువ కాంతి గలది త్వరత్వరగా మినుకుచుండును. 1912లో 25 తారలతో ఈ నియమమును స్థిరపరచెను. ఆ తారలన్నియు ఒకే మేఘమున, అనగా ఒకే దూరమున నుండుటచేతనే ఈ సంబంధము బయటపడినది. వేరువేరు దూరములలో నున్నచో ఎవ్వరికిని కనబడక పోయెడిది.

వీనిని సెఫీడు తారలందురు. ఒక సెఫీడు ఎన్ని దినముల కొకసారి పెరిగి తరుగునో గమనించినచో దాని అసలు కాంతి తెలియును. అసలు కాంతి తెలిసిన దూరము తెలియును. లీవిట్ 1921లో మరణించెను. స్వీడను దేశపు గణితజ్ఞు డొకడు ఆమెను నోబెలు బహుమానమునకు సూచింపదలచి 1925లో ఆమె పేర జాబు వ్రాసెను. ఆమె లేదని ఆయనకు తెలియదు.

1923లో ఎడ్విన్ హబుల్ అను శాస్త్రజ్ఞుడు కాలిఫోర్నియాలో విల్సన్ కొండమీది 100 అంగుళముల దూరదర్శినితో ఆండ్రోమెడా అను మసక మచ్చలో ఒక సెఫీడును పట్టెను. లెక్క కట్టగా ఆ మచ్చ పాలపుంతకు వెలుపల నున్న వేరొక గెలాక్సీ యని తేలినది. దాని దూరము సుమారు 9 లక్షల కాంతి సంవత్సరములని ఆయన చెప్పెను. నేటి లెక్క 25 లక్షలు. ఆ తేడా యెట్లు వచ్చెనో ముందు చెప్పెదను.

అంతకు పూర్వమే, 1912లో, అరిజోనాలో వెస్టో స్లైఫర్ అను ఆయన ఇట్టి మచ్చల కాంతిని పట్టకముద్వారా వర్ణపటముగా విడదీసి చూచెను. వర్ణపటమున అక్కడక్కడ నల్లని గీత లుండును. వస్తువు మననుండి దూరమగుచున్నచో ఆ గీతలు ఎరుపు వైపు జరుగును. దగ్గర కగుచున్నచో ఊదా వైపు జరుగును. ఎంత జరిగెనో కొలిచిన వేగము తెలియును. ఆండ్రోమెడా మనవైపు వచ్చుచున్నది గాని, తక్కిన వానిలో పెక్కు మననుండి పోవుచునే యున్నవి. బెల్జియము దేశస్థుడు జార్జి లెమైటర్ 1927లో, విశ్వమే విస్తరించుచున్నదని సిద్ధాంతీకరించెను. హబుల్ 1929లో, దూరము రెండింతలైనచో వేగమును రెండింతలగునని పరిశీలనతో చూపెను. ఈ నియమమునకు నేడు హబుల్–లెమైటర్ నియమమని పేరు.

దీనిని మీరు ఇంటివద్ద చేసి చూడవచ్చును. ఒక రబ్బరు నాడాకు అంగుళమున కొకటి చొప్పున ముడులు వేయుడు. మొదటి ముడిని ఒకరు పట్టుకొని, నాడా రెండింతలగునట్లు రెండవ వారు లాగవలెను. అంగుళము దూరమున నున్న ముడి రెండంగుళములకు పోయినది. అనగా ఒక్క అంగుళము జరిగినది. మూడంగుళముల దూరమున నున్నది ఆరంగుళములకు పోయినది. అదే సమయమున మూడంగుళములు జరిగినది. దూరపు ముడి ఎక్కువ వేగముతో పోయినది. ఏ ముడిని పట్టుకొని చూచినను అట్లే కనబడును. కనుక మన ముడి నాడాకు నడిమధ్య నున్నదని గర్వపడుటకు వీలు లేదు. ఇంకొక సంగతి చూడుడు. నాడా సాగినది గాని ముడులు సాగలేదు. అవి గట్టిగా బిగిసి యున్నవి. గెలాక్సీల గుంపులు ఈ ముడులవంటివి. గుంపులోని గెలాక్సీలను గురుత్వాకర్షణము బిగించి యుంచును. గుంపునకును గుంపునకును నడుమ నున్న దూరము మాత్రమే పెరుగుచుండును.

హబులుకు తోడుగా వర్ణపటములను తీసిన మిల్టన్ హ్యూమసన్ అను నతని కథ చెప్పకుండ ఉండలేను. అతడు పదునాలుగేండ్ల వయసున బడి మానెను. విల్సన్ కొండమీదికి కంచరగాడిదలపై సామానులు తోలెను. తరువాత ఆ వేధశాలలోనే ఊడ్చి తుడుచు పనిలో చేరి, రాత్రులందు శాస్త్రజ్ఞులకు సాయపడుచు, వారికంటె ఓర్పుగా దూరదర్శినిని నడుపు నేర్పరి యయ్యెను. మిక్కిలి దూరపు గెలాక్సీల వేగములను కొలిచినది అతని చేతులే. దీనినిబట్టి మీరు బడి మానవచ్చునని తలపకుడు! బడి మానుటవలన గాక, మానిన పిదపను నేర్చుట మానకపోవుటవలన అతడు పైకి వచ్చెను.

విశ్వము ఎంత వేగముగా విస్తరించుచున్నదో ఒక్క సంఖ్యతో చెప్పవచ్చును. ఒక మెగాపార్సెకు దూరమున నున్న గెలాక్సీ సెకండునకు ఎన్ని కిలోమీటర్ల వేగముతో పోవునో ఆ సంఖ్యయే హబుల్ స్థిరాంకము. 1929లో ఆయనకు వచ్చినది సుమారు 500. ఈ సంఖ్యతో వెనుకకు లెక్కించినచో విశ్వపు వయస్సు రమారమి 200 కోట్ల సంవత్సరములని వచ్చినది. ఇచ్చటనే పెద్ద చిక్కు వచ్చి పడినది. భూమిమీది రాళ్లలో రేడియోధార్మిక పదార్థములను పరీక్షించిన భూగర్భ శాస్త్రజ్ఞులు, భూమి వయస్సు 300 కోట్ల సంవత్సరములకు తక్కువ కాదనిరి. తల్లికంటె బిడ్డ పెద్దదగునా? విశ్వముకంటె భూమి ముందు పుట్టునా? ఎవరో ఒకరి లెక్క తప్పు.

తప్పు దూరముల వైపున నున్నది. దానిని పట్టినవాడు వాల్టర్ బాడే. జర్మనీ దేశస్థుడగుటచే రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఆయన యుద్ధపు పనులకు పోక విల్సన్ కొండమీదనే యుండెను. శత్రువుల భయముచే దిగువనున్న లాస్ ఏంజిల్స్ నగరమున దీపము లార్పిరి. ఆ చీకటిలో, 1943, 44 సంవత్సరములలో, ఆండ్రోమెడా గెలాక్సీ నడిబొడ్డునందలి తారలను ఆయన విడివిడిగా చూడగలిగెను. నక్షత్రములలో రెండు తెగలున్నవనియు, సెఫీడులును రెండు రకములనియు ఆయనకు తోచినది. ఒక రకపు కొలతను వేరొక రకమునకు వాడుటచే హబుల్ లెక్కలో దూరములు తగ్గిపోయినవి. 1952లో రోము నగరమున జరిగిన సభలో బాడే ఈ సంగతిని ప్రకటించెను. ఒక్క దినమున గెలాక్సీల దూరములు రెండింతలైనవి; విశ్వపు వయస్సును రెండింతలైనది. తరువాత అల్లన్ శాండేజి, హబుల్ తారలనుకొన్న కొన్ని వెలుగులు తారలు కావనియు, వెలుగుచున్న వాయుమేఘములనియు చూపి, 1958లో స్థిరాంకమును 75 చేరువకు దింపెను.

అంతటితో వివాదము ముగియలేదు. శాండేజియు ఆయన తోడివారును తరువాత 50 అనిరి. జెరార్డ్ ద వోకులూర్ 100 అనెను. నేను బడిలో చదువుకొను నాటికి ఈ కలహము జరుగుచునే యుండెను. ఒకే ఆకసమును చూచి ఇద్దరు పండితులు ఒకరు చెప్పినదానికి రెండింతలు మరియొకరు చెప్పుట వింతగా తోచును గాని, ఇద్దరును తెలివి తక్కువవారు కారు. అడుగడుగున చిన్న భేదములు చేరి చివరకు అంతటి భేదమైనది. వారి తగవులో ముఖ్యమైన ప్రశ్న కన్యారాశి గుంపు ఎంత దూరమనునదే.

ఆ గుంపులో సెఫీడులను చూచుటకు భూమిమీది దూరదర్శినుల బలము చాలకుండెను. గాలిపొర కదలుచు తారలను అలుకును. 1990లో హబుల్ పేరిట ఒక దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి. పంపిన పిదప దాని అద్దము లోపముతో నున్నదని తెలిసినది. 1993 డిసెంబరులో వ్యోమగాములు పోయి బాగుచేసిరి. మరుసటి సంవత్సరమే వెండీ ఫ్రీడ్‌మన్ అను ఆమెయు ఆమె తోడివారును కన్యారాశి గుంపులోని ఎం 100 అను గెలాక్సీలో 20 సెఫీడులను పట్టి, దాని దూరము 17 మెగాపార్సెకులు, అనగా ఇంచుమించు 5 కోట్ల 60 లక్షల కాంతి సంవత్సరములని ప్రకటించిరి. అదే బృందము పెక్కు గెలాక్సీలను కొలిచి 2001లో స్థిరాంకము 72 అని తేల్చెను. 50కిని 100కిని నడుమ!

ఐనను కన్యారాశి గుంపుతో కొన్ని ఇబ్బందులు కలవు. మొదటిది: సెఫీడులు వయసులో చిన్న తారలు, సుడి తిరిగిన గెలాక్సీలలో అవి యుండును. గుంపు నడిమి భాగమునందు ఎక్కువగా నున్నవి కోడిగ్రుడ్డు ఆకారపు ముదుసలి గెలాక్సీలు. వానిలో సెఫీడులు లేవు. సుడి గెలాక్సీలు పొలిమేరలందు చెదరి యున్నవి. ఊరి పొలిమేరలో నున్న ఒక్క ఇంటిని కొలిచి ఊరి దూరము చెప్పినట్లగును. ఈ లోటును తీర్చుటకు జాన్ టోన్రీ, డొనాల్డ్ ష్నైడర్ అనువారు 1988లో ఒక చక్కని ఉపాయమును చెప్పిరి. ఇసుక కుప్పను దగ్గరగా చూచిన రేణువులు గరుకుగా కనబడును. దూరమునుండి చూచిన నునుపుగా కనబడును. ముదుసలి గెలాక్సీలలో తారలు విడిగా కనబడకపోయినను, ఆ కాంతియందలి గరుకుదనమును కొలిచి దూరమును చెప్పవచ్చును. ఇట్టి పద్ధతులన్నియు కలిసి నేడు కన్యారాశి గుంపు దూరమును సుమారు 16.5 మెగాపార్సెకులని చెప్పుచున్నవి.

రెండవ ఇబ్బంది పెద్దది. దూరము సరిగా తెలిసినను, ఆ గుంపు వేగమును నమ్ముట కష్టము. గుంపులోని గెలాక్సీలు ఒకదాని చుట్టు నొకటి మహావేగముతో తిరుగుచున్నవి. వానిలో ఎం 86 అనునది సెకండునకు సుమారు 240 కిలోమీటర్ల వేగముతో మన వైపునకే వచ్చుచున్నది! పెక్కింటి సగటు తీసినచో ఈ దోషము పోవును. కాని, ఆ మహాగుంపు మన పాలపుంతను, మన చుట్టునున్న గెలాక్సీలను తనవైపు లాగుచున్నది. విస్తరణము దూరము చేయుచుండ, ఆకర్షణము కొంత వెనుకకు లాగుచున్నది. మన కొలతలో ఆ గుంపు పోవు వేగము సెకండునకు సుమారు 1,000 కిలోమీటర్లు. దానిని 16.5తో భాగించినచో దాదాపు 61 వచ్చును. లాగుడువలన 200 కిలోమీటర్లు తగ్గినదని తలచి 1,200ను భాగించినచో 73 వచ్చును. చూచితిరా! 100 కిలోమీటర్ల సందేహమునకు జవాబు 6 మారుచున్నది.

ఈ సందేహము పోవుటకు ఇంకను దూరము పోవలెను. ఏటి యొడ్డున నిలిచి పడవ వేగమును అంచనా వేయువానికి దగ్గర సుడులే చిక్కు తెచ్చును. నడి ఏటిలో పోవు పడవకు సుడుల బాధ తక్కువ. అందుచే కోమా గుంపు కావలసి వచ్చినది. ఆ గుంపు సెకండునకు సుమారు 7,200 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నది. అంతటి వేగమున 100 కిలోమీటర్ల పొరపాటు జవాబును ఒక్కటి మాత్రమే మార్చును.

కోమా గుంపునకు మరియొక కీర్తి కలదు. 1933లో ఫ్రిట్జ్ జ్విక్కీ అను శాస్త్రజ్ఞుడు దానిలోని గెలాక్సీల వేగములను చూచి విస్మయము చెందెను. అంతటి వేగముగల గెలాక్సీలు గుంపును వీడి చెదరిపోవలసినది. పోకుండ బిగించి యుంచుటకు, కనబడు పదార్థముకంటె 400 రెట్లు పదార్థ ముండవలెనని ఆయన లెక్క కట్టెను. కనబడని పదార్థమను ఊహకు అది నాంది. ఆయన ఆనాటి లెక్క ప్రకారము కోమా గుంపు దూరమును 4 కోట్ల 50 లక్షల కాంతి సంవత్సరములుగా తీసికొనెను. నేటి లెక్క దానికి ఏడు రెట్లు. దూరము సరిదిద్దినచో 400 రెట్లు అను మాట మిక్కిలి తగ్గును. కాని కనబడని పదార్థము మాత్రము మాయము కాలేదు.

ఏడు రెట్లన్న ఆ నేటి దూరము ఎట్లు వచ్చినది? కోమా గుంపులో సెఫీడులను చూచుట అలవి కాని పని. ఇచ్చట సూపర్ నోవాలను విస్ఫోటములు అక్కరకు వచ్చినవి. తన బరువును తానే మోయలేని స్థితికి వచ్చిన తెల్ల మరుగుజ్జు తార ప్రేలినపుడు వెలువడు కాంతి, కొన్ని సవరణలు చేసిన పిదప, అన్నింటియందును ఇంచుమించు ఒక్కటే. సెఫీడులున్న దగ్గర గెలాక్సీలలో ప్రేలిన వానినిబట్టి ఆ కాంతి యెంతయో తెలిసికొని, దూరపు గెలాక్సీలలో ప్రేలిన వానికి వర్తింపజేయుదురు. ఇది నిచ్చెన యెక్కుట వంటిది. క్రింది మెట్టు కదలిన పై మెట్లన్నియు కదలును. ఇప్పుడు మీ లెక్కకు పని చెప్పెదను. ఒకే విధమైన ప్రేలుడు కన్యారాశి గుంపులో నెంత వెలుగునో, కోమా గుంపులో దానికి దాదాపు 36వ వంతు వెలుగును. 36 దేనికి వర్గము? ఆరునకు. కనుక కోమా గుంపు ఆరు రెట్లు దూరము. 16.5ను 6తో హెచ్చించిన 99.

2025లో డాన్ స్కోల్నిక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును, కోమా గుంపులో ప్రేలిన పదికి పైగా సూపర్ నోవాలను సరిచూచి, దాని దూరము 98.5 మెగాపార్సెకులు, అనగా 32 కోట్ల కాంతి సంవత్సరములని ప్రకటించిరి. మనము చేసిన చిన్న లెక్కకు ఎంత చేరువగా నున్నదో చూడుడు. కోమా వేగమును మాత్రమే తీసికొని 7,200ను 98.5తో భాగించిన 73 వచ్చును. కాని ఒక్క గుంపు వేగమును నమ్ముట వారికి ఇష్టము లేకపోయినది. అరిజోనాలో కిట్ శిఖరముమీద డెసి అను పరికరము కలదు. అది 5,000 గాజుతీగలతో ఒక్కసారిగా 5,000 వెలుగులను పట్టి వర్ణపటములుగా విడదీయును. ముదుసలి గెలాక్సీల కాంతికిని, పరిమాణమునకును, లోపలి తారల వేగమునకును ఒక సంబంధము కలదు. ఆ సంబంధమునుబట్టి డెసి బృందమువారు కోమా గుంపునకు ఆవల నున్న వేలకొలది గెలాక్సీలను కోమాతో పోల్చి యుంచిరి. కోమా దూర మొక్కటి తెలిసినచో వాని దూరములన్నియు తెలియును. ఆ పోలికతో వచ్చిన స్థిరాంకము 76.5, దానిలో 2.2 అటునిటు కావచ్చునని వారే చెప్పిరి.

ఇక అసలు చిక్కు వినుడు. యూరపు వారు 2009లో పంపిన ప్లాంక్ అను ఉపగ్రహము, విశ్వపు బాల్యమునాటి మిగిలిన కాంతిని ఆకసమంతట కొలిచినది. ఆ కాంతినిబట్టి, విశ్వము నేటివరకు ఎట్లు పెరిగి యుండవలెనో సిద్ధాంతముతో లెక్కించి, 2018లో వారు చెప్పిన స్థిరాంకము 67.4. అది నిజమైనచో కోమా గుంపు 98.5 కాదు, సుమారు 112 మెగాపార్సెకుల దూరమున నుండవలెను. అనగా 36 కోట్ల కాంతి సంవత్సరములకు పైమాట. ఇన్ని యేండ్లుగా ఇన్ని విధముల కొలిచిన గుంపు నాలుగు కోట్ల కాంతి సంవత్సరములు వెనుకకు జరుగునా? జరుగదని స్కోల్నిక్ బృందపు వాదము. ఫ్రీడ్‌మన్ మరియు ఆమె తోడివారు మాత్రము, జేమ్స్ వెబ్ దూరదర్శిని సాయముతో ఎర్ర దిగ్గజ తారలను కొలిచి, 2025లో సుమారు 70 అని చెప్పి, రెండు లెక్కలకు అంత వైరము లేదేమో యనుచున్నారు.

వెనుకటి 50, 100ల తగవుతో పోల్చిన ఈ భేదము చిన్నదే. కాని ఆనాడు ఇరువురి చేతిలోను వదులైన కొలతలుండెను. నేడు ఇరువురి కొలతలును గట్టివి. కొలత తప్పు కానిచో సిద్ధాంతమునందే లోటుండవలెను. విశ్వపు బాల్యమునకును నేటికిని నడుమ మన మెరుగనిది ఏదియో జరిగి యుండవలెను. నిచ్చెనలో ఏ మెట్టున పొరపాటు దాగియున్నదో వెదకుట మొదటి పని యని నా అభిప్రాయము. బాడే కథ చదివిన వారికి అట్లే తోచును.

ఈ వెదకులాటకు దక్షిణ అమెరికాలో చిలీదేశపు కొండమీద ఒక క్రొత్త వేధశాల సిద్ధమైనది. కనబడని పదార్థమునకు గట్టి సాక్ష్యములు చూపిన వేరా రూబిన్ అను ఆమె పేరు దానికి పెట్టిరి. దాని దూరదర్శిని కొన్ని రాత్రుల కొకసారి దక్షిణాకాశమంతయు చిత్రించుచు, గెలాక్సీల గుంపులలో ఎక్కడ ఏ తార ప్రేలినను పట్టగలదు. 2025 జూన్ నెలలో ఆ వేధశాలవారు తమ తొలి చిత్రములను లోకమునకు చూపిరి. వానిలో నొకటి, చిత్తకును స్వాతికిని ఉత్తరకును నడుమ మన కంటికి శూన్యముగా తోచు ఆ కన్యారాశి గుంపు చిత్రమే.